గల్లీ అంతటికీ ఒక్క మెయిల్

"మీరే! ఇదంతా మీరిద్దరే చేసిన్రు!"

సులోచన చేతిలోని చపాతీ కర్ర ముందు కొడుకు వైపు తిరిగింది, తర్వాత కూతురి వైపు.

"ఆ దొంగముండాకొడుకు యాడున్నడో నాకు తెల్వది. వాన్ని తిట్టినా వానికి ఇనవడది. మీకు ఇనవడ్తది గద? ఇనున్రి. మీ బాపును ముంచింది మీరే."

సంకేత్ ఫోన్లోంచి తల ఎత్తాడు. "మేమేం చేసినమే అమ్మా? లింకు నొక్కింది బాపు. పాస్‌వర్డ్ కొట్టింది బాపు."

"ఎందుకు కొట్టిండు?"

"తెల్వక."

"ఎందుకు తెల్వలె? పదేండ్ల సంది అడుగుతనే ఉన్నడు. గిదేంది సంకేత్, గదేంది మాన్యా అని. ఒక్కసారన్న కూసోబెట్టి చెప్పిన్రా? 'ఇటియ్యి బాపూ' అని ఫోన్ గుంజుకునుడు, టకటక కొట్టుడు, చేతిల పెట్టుడు. పని చేసిచ్చిన్రు. పని చూపియ్యలె."

"అమ్మా, పొద్దుపొద్దుగాల లొల్లి ఒద్దు."

"మీ ఆఫీసుల గిట్లాంటి దొంగ మెయిల్లు పంపి పరీక్ష పెడ్తరంటివి గద?"

"ఆ. మూడు నెలలకోసారి."

"పాసైనవా?"

"ప్రతిసారీ."

"మరి ఇంట్ల ఎవరికి చెప్పినవ్ రా?"

సంకేత్ మళ్లీ ఫోన్లోకి తల వంచాడు. పెనం మీద చపాతీ మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

రఘునాథ్ కిటికీ పక్కన ఇనుప కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి, రిటైరై నాలుగేళ్లయినా, పొద్దున ఆరింటికి గడ్డం గీసుకోకుండా ఉన్న రోజు లేదు. ఇవాళ ఆదివారం తొమ్మిదైంది. ముందున్న చాయ్ మీద మీగడ కట్టింది.

ఉప్పుగూడ స్టేషన్ వెనకాల ఆ గల్లీలో నలభై ఇళ్లు. నలభై ఇళ్లకూ మెయిల్ అంటే రఘునాథ్ మెయిలే. ఎవరు ఏ దరఖాస్తు నింపినా, ఈమెయిల్ అన్న గడి దగ్గరికి రాగానే "రఘునాథ్ సారుది రాయి" అనేవాళ్లు. ఆదాయం సర్టిఫికెట్, కాలేజీ సీటు, జహంగీర్ భాయ్ పాస్‌పోర్టు, సత్తెమ్మ కూతురు స్రవ్య స్కాలర్‌షిప్, అన్నిటికీ అదే. జవాబు వస్తే ఆయన ప్రింటు తీయించి, గడప దగ్గరికి వెళ్లి ఇచ్చి వచ్చేవాడు. తీసుకునేది ఒక్క చాయ్. అందరి ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాల మొదటి పేజీలు, ఫోన్ నంబర్లు ఆ మెయిల్ పెట్టెలోనే ఉన్నాయి.

ఆ పెట్టె ఇప్పుడు దొంగ చేతిలో ఉంది.

నిన్న మధ్యాహ్నం పాస్‌వర్డ్ కొట్టిన పది నిమిషాలకు ఆయన మెయిల్ ఆయన్నే బయటికి నెట్టేసింది. పాస్‌వర్డ్ మారింది. దానికి కట్టిన ఫోన్ నంబరు మారింది. మెయిల్ తిరిగి ఇవ్వమని సంకేత్ రాత్రి దాకా మూడుసార్లు ఫారం నింపాడు. మూడు రోజుల్లో చూస్తామని జవాబు వచ్చింది.

"నేను ఒకటి అడుగుత," అన్నది మాన్య. మెట్రోలో నిలబడి గంట ప్రయాణం చేసి ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసే పిల్ల. ఇంట్లో తక్కువ మాట్లాడుతుంది. "పాస్‌వర్డ్ కొట్టినంక ఆరంకెల నంబరొకటి వస్తది. గది ఏ ఫోన్‌కొచ్చింది?"

రఘునాథ్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"బాపూ, నిన్నే."

"యాది లేదు."

"నీ ఫోన్‌కు రాలె. నేను చూసిన."

స్టేషన్లో లోకల్ బండి ఆగి, మళ్లీ కదిలిన చప్పుడు వినిపించింది.

"నాకొచ్చింది," అన్నది సులోచన.

చపాతీ కర్ర కింద పెట్టింది. చేతుల పిండి కొంగుకు తుడుచుకుంది.

"ఆ మెయిల్‌కు కట్టింది నా నంబరే. నేను పిండి పిసుకుతున్న. టింగుమన్నది. ఏమొచ్చిందో చూడమని ఈయన లోపల్నుంచి ఒర్లిండు. నేనే చదివి చెప్పిన. ఒక్కొక్క అంకె. రెండుసార్లు చెప్పిన, తప్పు పోవద్దని."

రఘునాథ్ మొదటిసారి నోరు తెరిచాడు. "నువ్వేంజేస్తవ్ తీ. అడిగింది నేను."

"నిన్న సంది నన్ను దాస్తున్నవా?"

ఆమె వెళ్లి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. మీగడ కట్టిన చాయ్ గ్లాసు తీసి పక్కకు పెట్టింది.

"పిల్లలను తిడుతుంటే నువ్వన్న ఆపొద్దా? తిట్టాల్సింది నన్ను గూడ గద."

"నువ్వు తిడుతుంటే ఎప్పుడన్న ఎవరన్న ఆపిన్రా?" అన్నాడు రఘునాథ్.

మాన్య ఫోన్లో ఏదో వెతుకుతున్నది. వేలు ఆగిపోయింది.

"ఏందే?" అన్నాడు సంకేత్.

"బాపు నాకు పంపిండు."

"ఏం పంపిండు?"

"గదే మెయిల్. శుక్రవారం సాయంత్రం ఐదింటికి. పైన రాసిండు. 'ఇది చూడు బిడ్డా, నాకు జెర అనుమానంగ ఉన్నది' అని." మాన్య ఫోన్ సంకేత్‌కు చూపించింది. "నేను తెరువలె. బాపు రోజూ ఏదో ఒకటి పంపుతడు గద, ఎవరిదో దరఖాస్తు ఉంటదనుకున్న. ఫోన్ చేసి అడిగితే 'చూస్త' అన్న."

"పనిల ఉంటివి," అన్నాడు రఘునాథ్.

"చాయ్ తాగుకుంట ఉన్న బాపూ."

ఎంతమంది చేతులున్నాయో చూడండి ఒక్క మోసంలో. దొంగ చెయ్యి ఒక్కటే. మిగతావన్నీ ప్రేమగా ఉండే చేతులే. దొంగకు ఆ సంగతి బాగా తెలుసు.

మాన్య కుర్చీకి ఇంకో పక్కన కూర్చుంది. ఫోన్ తండ్రి చేతిలో పెట్టింది.

"బాపూ, ఇది మీ ఆఫీసుకు తపాలాల వచ్చిందనుకో. నీ టేబుల్ మీదికొచ్చింది. ఏం జేస్తుంటివి?"

"ఇప్పుడెందుకు బిడ్డా?"

"చెప్పు. నాకు నేర్పియ్యి."

రఘునాథ్ కళ్లజోడు పెట్టుకున్నాడు. మొదట ఇష్టం లేకుండానే చూశాడు. తర్వాత నడుము కొంచెం నిటారైంది.

"తారీఖున్నది. నంబరు లేదు. ఏ ఆఫీసు కాగితానికైనా నంబరుంటది. నా పేరు లేదు. 'డియర్ యూజర్' అట. నా పెట్టెను చూసుకునేటోనికి నా పేరు తెల్వదా? కింద సంతకం... 'సెక్యూరిటీ టీమ్'. టీమ్ సంతకం పెడ్తదా ఎక్కడన్న? మనిషి పేరేది? హోదా ఏది?" ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇది నా టేబుల్ మీదికొస్తే అర నిమిషంల వాపస్ కొడుతుంటి."

"ఇగ ఇది చూడు. పైన కంపెనీ పేరున్నది గద? ఆ పేరు మీద వేలు పెట్టు."

పెట్టాడు. కింద అసలు అడ్రసు తెరుచుకుంది. ఏదో దేశంలోని చెప్పుల దుకాణం పేరు.

"అమ్మ వీని... కవరు మీద కలెక్టరాఫీసు, లోపల చెప్పుల దుకాణం!"

"ఇప్పుడు గీ నీలం రంగు బటన్. నొక్కకు. వేలు పెట్టి అట్లనే పట్టుకో. నొక్కితే యాడికి తీస్కపోతదో ముందే చూపిస్తది."

పట్టుకున్నాడు. చూశాడు. కంపెనీ పేరు ఎక్కడా లేదు. అక్షరాల చెత్త.

"గింతేనా?"

"గింతే."

"రెండు నిమిషాల పని గద బిడ్డా," అన్నాడాయన. తిట్టలేదు. ఊరికే అన్నాడు. మాన్య తల దించుకుంది. ఆయన చెయ్యి ఆమె తల మీదికి వచ్చింది.

"అసలు గిదొక్కటి చూసినా సమజ్ కావాలె నాకు," అన్నాడు స్క్రీన్ మీద వేలు ఆడిస్తూ. "'ఇరవై నాలుగు గంటల్లోపు పాస్‌వర్డ్ కొట్టండి' అట. ముప్పై ఒక్క ఏండ్ల నౌకరీల ఇరవై నాలుగు గంటల్ల నేను ఒక్క ఫైలు కదిలించలె. కదిలించినోన్ని చూడలె. నిజమైన ఆఫీసు గింత జల్ది చేస్తదా?"

ముందు సంకేత్‌కు నవ్వొచ్చింది. తర్వాత మాన్యకు. సులోచన నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"అనుమానం వచ్చినంక గూడ ఎందుకు నొక్కినవ్ బాపూ?" అన్నాడు సంకేత్ మెల్లగా.

"టైమ్ అయిపోతే లోపలున్నయన్నీ పోతయని రాసిన్రు. నావైతే పోనీ అనుకుంటుంటి. నాయేమున్నయ్? గల్లీవి పోతే మళ్ల అందరు లైన్ల నిలవడాలె." ఆయన ఆగాడు. "స్రవ్య కాగితాలు ఈ వారమే వచ్చేటియున్నయ్."

నవ్వు ఆగిపోయింది.

"గల్లీకి చెప్పాలె," అన్నది మాన్య. "ఇయ్యాలనే. ఆధార్, నంబరు, బ్యాంకు పేరు అన్నీ వాని చేతిలున్నయ్. పేరు పెట్టి పిలుచుకుంట ఫోన్ చేస్తడు. ఎవరైనా నమ్ముతరు."

"ఒద్దు," అన్నాడు రఘునాథ్.

"బాపూ..."

"ఒద్దన్న గద. మూడు రోజుల్ల మెయిల్ వాపస్ వస్తదన్నరు. రాని. అప్పుడు చూద్దం."

సంకేత్ తండ్రి పక్షాన నిలబడ్డాడు. "మన బ్యాంకుకు చెప్పినం. మన పాస్‌వర్డ్లన్నీ మార్చినం. మనకేం ఫికర్ లేదు. ఇప్పుడు పోయి చెప్పినమనుకో, రేపు ఎవరికి ఏం పోయినా మన మెడకే చుడ్తరు. బాలనర్సింహ ఉన్నడు గద, దుకాణం కాడ నిలవడి ఊరంత చాటింపేస్తడు. బాపు గల్లీల తిరగగలడా?"

"మనది మనం సర్దుకుని తలుపేసుకుంటే," అన్నది సులోచన, "వానికి మనకు ఏం ఫరక్ రా?"

"అమ్మా, నువ్వు ప్రతిదానికి..."

"ఏమయ్యా, నువ్వు చెప్పు. నీ నోటితోటి చెప్పు. చెప్పమంటవా, ఒద్దంటవా?"

రఘునాథ్ చేతుల్లోని కళ్లజోడు మడిచాడు, విప్పాడు.

"నేను చదువుకున్నోడని నమ్మిన్రు సులోచనా. ఎవరు కాగితం తెచ్చినా చదివి పెట్టిన. ఇప్పుడు పోయి, నేనే చదువలేకపోయిన అని ఎట్ల చెప్పాలె? నలభై గడపల కాడ నలభైసార్లు చెప్పాలె."

సులోచన ఆయన మోకాలి మీద చెయ్యి పెట్టింది.

అప్పుడే బయట గడప దగ్గర గొంతు వినిపించింది.

"అన్నా! ఉన్నవా?"

సత్తెమ్మ. ఎదురింట్లో ఉంటుంది. చీరలకు ఫాల్స్ కుట్టి కూతుర్ని నర్సింగు చదివిస్తున్నది. ముఖమంతా వెలుగు. అరచేత్తో ఫోన్ మూసి పట్టుకుని, చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చింది.

"మా స్రవ్యది వచ్చిందన్నా! స్కాలర్‌షిప్ పాసైందట! సారు లైన్ల ఉన్నడు. ఏదో నంబరొచ్చింది, అది చెప్పితే డబ్బులు ఇప్పుడే పడ్తయట. నా కండ్లు అలికినట్టు ఉన్నయ్. పిల్ల లైబ్రరీకి పోయింది. జెర చదివి చెప్పవా?"

ఫోన్ రఘునాథ్ చేతిలో పెట్టింది. ఎప్పుడూ పెట్టినట్టే.

ఆయన చూశాడు. ఆరంకెలు. వాటి కిందే, ఈ నంబరు ఎవరికీ చెప్పవద్దని బ్యాంకు రాసిన వాక్యం. ఫోన్లోంచి మర్యాదగా ఒక మగ గొంతు వస్తున్నది. "అమ్మా, సత్తెమ్మ గారూ, త్వరగా. రెండు నిమిషాలే టైమ్ ఉంది. లేదంటే క్యాన్సిల్ అవుతుంది."

రఘునాథ్ ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఎవరు మాట్లాడేది? నీ పేరేంది?"

"స్కాలర్‌షిప్ సెక్షన్ నుంచి సార్."

"ఏ ఆఫీసు? నీ హోదా ఏంది? ఫైలు నంబరు చెప్పు."

లైను తెగిపోయింది.

"కట్ చేసినవేందన్నా?" సత్తెమ్మ కంగారు పడింది. "క్యాన్సిల్ అయితదన్నడు గద! మళ్ల చెయ్యి. నంబరున్నది, మళ్ల చెయ్యన్నా!"

"వాడు దొంగోడు అత్తా," అన్నాడు సంకేత్ గబగబా. "గిట్ల మస్తు కాల్స్ వస్తున్నయ్ ఈమధ్య. పట్టించుకోకు. నువ్వు ఇంటికి పో."

అక్కడితో ఆపేయవచ్చు. సంకేత్ కళ్లు తండ్రిని అదే బతిమాలుతున్నాయి. అబద్ధం కూడా కాదది.

సత్తెమ్మ నమ్మలేదు. "దొంగోడైతే నా పేరెట్ల తెలుసు? పిల్ల కాలేజీ ఎట్ల తెలుసు? నా బ్యాంకు పేరు గూడ చెప్పిండు."

రఘునాథ్ కుర్చీలోంచి లేచాడు.

"నా కాడ దొంగిలించిండు సత్తెమ్మా."

"ఏంది?"

"నీ కాగితాలన్నీ నా మెయిల్ల ఉండె. నిన్న ఒక దొంగ మెయిలొస్తే నేను నమ్మి, తాళం నా చేత్తోనే వానికిచ్చిన. నీదొక్కటే కాదు. అందరివి పోయినయ్. స్కాలర్‌షిప్ రాలె. తప్పు నాది."

సత్తెమ్మ గడప మీద కూలబడింది. ఆయన్ను తిట్టలేదు. కొంతసేపు ఫోన్ వైపే చూసింది.

"మా ఆయన పేరు గూడ చెప్పిండన్నా," అన్నది చివరికి. "'శ్రవణ్‌కుమార్ గారి భార్యనే గద మీరు' అన్నడు. ఆయన పోయి ఆరేండ్లాయె. ఆయన పేరు ఎవరూ తియ్యరు ఇప్పుడు. ఫోన్ల ఇంటే మంచిగనిపించింది. గందుకే..."

ఆగిపోయింది.

"గందుకే ఏంది అత్తా?" మాన్య దగ్గరికి వచ్చింది.

"ఇది రెండో నంబరు. మొదటిది అరగంట కింద వచ్చింది. కూడబలుక్కుని నేనే చదివి చెప్పేసిన."

మాన్య అప్పటికే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కొడుతున్నది. "అత్తా, బ్యాంకు పుస్తకం తే. జల్ది. సంకేతన్నా, నువ్వు బ్యాంకు నంబరు వెతుకు. ముందు అకౌంటు ఆపియ్యాలె. ఆ మొదటి నంబరొచ్చిన మెసేజ్ చెరపకున్రి, అదే సాక్ష్యం."

సత్తెమ్మ గడప మీదే కూర్చుని ఉంది. సులోచన వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఫాల్స్ కుట్టి కుట్టి సూది గుచ్చుకున్న వేళ్లు అవి.

"నేను గూడ చదివి చెప్పిన సత్తెమ్మా. నిన్న. పిండి చేతులతోటి."

"స్రవ్యకు ఏమని చెప్పాలె వదినా? ఫీజు అండ్లనే ఉండె."

"ఇద్దరం కలిసి చెప్దం. లే. పుస్తకం తెద్దం పా."

హెల్ప్‌లైన్‌లో ముందు ఆ మెసేజ్ వివరాలు రాసుకున్నారు. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. బ్యాంకు లైనులో పాట వస్తూనే ఉంది, మనిషి రావడం లేదు. సంకేత్ ఫోన్ స్పీకరులో పెట్టి, గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. పైసలు ఆగాయో, పోయాయో ఎవరికీ తెలియదు.

సత్తెమ్మ ఏడుపు విని గల్లీ కదిలింది. ముందు ఆడవాళ్లు, వెనక మగవాళ్లు. కిరాణా దుకాణం బాలనర్సింహ తక్కెడ వదిలేసి వచ్చాడు. పెద్ద గొంతు, పెద్ద పొట్ట. ఆయన భార్యాపిల్లలు పెళ్లికి ఊరెళ్లారు.

"ఏమైంది రఘునాథన్నా? ఏంది లొల్లి?"

రఘునాథ్ గడప దిగి గల్లీలోకి వచ్చాడు. గడ్డం గీసుకోని ముఖంతో, బనీను మీద. అట్లా ఆయన్ను ఎవరూ చూడలేదు. సత్తెమ్మకు చెప్పిందే చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు.

"నా పాన్ కార్డు గూడ ఉన్నదా అండ్ల?" అన్నాడు బాలనర్సింహ.

"ఉన్నది."

"మా అమ్మ పింఛను కాగితాలు?"

"ఉన్నయ్."

"ఎట్లిచ్చినవన్నా? చదువుకున్నోడివి గద! నిన్ను నమ్మి ఇస్తిమి గద! నిన్న పోతే నిన్ననే ఎందుకు చెప్పలె? ఇయ్యాల దాకా ఏం జేసినవ్?"

అడగాల్సిన ప్రశ్నే అది. సులోచన పుస్తకంతో తిరిగి వస్తూ ఎదురింటి మెట్ల మీద ఆగిపోయింది.

"సిగ్గుపడ్డ," అన్నాడు రఘునాథ్. "సిగ్గుతోటి ఒక పూట పోగొట్టిన. ఆ పూటలనే సత్తెమ్మ మునిగింది."

"సిగ్గుపడితే అయిపోయిందా? గల్లీ కమిటీని పిలుస్త. అందరి ముందట..."

"పిలువు. వస్త. అందరి ముందట నిలవడ్త, ఎంతసేపు తిట్టినా పడ్త." రఘునాథ్ ఒక అడుగు ముందుకు వేశాడు. "మీ అమ్మ యాడున్నది?"

"ఇంట్ల."

"ఒక్కతేనా?"

"ఒక్కతే. ఏం?"

"ఫోనున్నదా ఆమె చేతిల?"

బాలనర్సింహ జేబులోంచి ఫోన్ తీశాడు. కొట్టాడు. చెవికి పెట్టుకున్నాడు. ముఖంలో కోపం మెల్లగా కరిగిపోయింది.

"బిజీ వస్తున్నది."

"ఆమెతోటి ఆదివారం పొద్దున ఎవరు మాట్లాడ్తరు?"

"ఎవరూ మాట్లాడరు."

"మరి నా ముందట నిలవడి ఏం అడుగుతున్నవ్?" రఘునాథ్ గొంతు గల్లీ ఆ మూల దాకా వెళ్లింది. "అందరు ఇనున్రి! ఇంటికొకరు ఉరుకున్రి. ఎవరు ఫోన్ చేసినా, మీ పేరు చెప్పినా, పోయినోళ్ల పేరు చెప్పినా, ఒక్క అంకె చెప్పొద్దు. చెప్పినోళ్లు ఉంటే దాచుకోకున్రి, నా లెక్క దాచుకోకున్రి, ఇప్పుడే మాన్య కాడికి రాన్రి. బాలనర్సింహా, ముందు నువ్వు. ఉరుకు. ఆ ఫోన్ పెట్టెయ్యమని చెప్పు మీ అమ్మకు. ఉరుకు రా!"